కన్ను ఎర్రబడితే ఏ చుక్కలు, ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంటి చుక్కల మందుల మీదే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం. మీ కన్ను చూసిన డాక్టరు రాసిన చీటీకి ఇవి బదులు కావు. ఆ చీటీలోని మందు సరిగ్గా కంట్లో పడటానికి, ఎప్పుడు ఇంకో గంట కూడా ఆగకూడదో తెలియడానికి పనికొస్తాయి.

పోయిన నెల మా బాబుకి కళ్లకలక వస్తే డాక్టరు గారు యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. సగం సీసా మిగిలింది. నిన్నటి నుంచి నా కుడికన్ను ఎర్రబడి నీరు కారుతోంది. అవే వేసుకోవచ్చా అండీ?
— ఇద్దరు పిల్లల తల్లి

వద్దండి. ముందు సీసా సంగతి. మూత తీసిన చుక్కల మందు ఏదైనా సాధారణంగా 28 రోజులకే పారేయాలి. పైగా కళ్లకలక ఉన్న బాబు రెప్పకో, పుసికో ఆ సీసా మూతి తగిలే ఉంటుంది. మీరు మందనుకుని వేసుకునేది వాడి కంట్లోని క్రిములను కూడా కావచ్చు.

అంతకంటే ముఖ్యమైనది, కన్ను ఎందుకు ఎర్రబడిందన్నది. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి, తుడిచిన కాసేపటికే చిక్కటి పసుపుపచ్చ పుసి మళ్లీ ఊరుతుంటే బ్యాక్టీరియాను అనుమానిస్తాం. నీళ్లలా కారుతూ, ఒక కంట్లో మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి పాకి, వెంట జలుబో గొంతునొప్పో ఉండి, చెవికి ముందు చిన్న బిళ్ల చేతికి తగులుతుంటే అది వైరస్. పెద్దవాళ్లలో కళ్లకలక ఎక్కువగా ఇదే, అందులోనూ అడినోవైరస్. రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడి, నలుపుకోకుండా ఉండలేనంత దురద పెడుతూ, తీగలా సాగే తెల్లటి పుసి వస్తుంటే ఎలర్జీ. ఇవి గీత గీసినట్టు విడివిడిగా ఉండవు. వైరస్‌లోనూ పొద్దున రెప్పలు కాస్త అతుక్కుంటాయి. అందుకే ఒక్క గుర్తును పట్టుకుని మందు ఎంచుకోవడం కుదరదు.

మీరు రాసినదాన్ని బట్టి వైరస్‌కే అవకాశం ఎక్కువ. దానిమీద యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. వారం నుంచి మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. రెండో వారంలో తగ్గి, "ఆ చుక్కలు బ్రహ్మాండంగా పనిచేశాయి" అనిపించడం మామూలే. చల్లటి తడిబట్ట కాపడం, ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్ల చుక్కలు రోజుకు నాలుగైదు సార్లు వేసుకుంటే ఉపశమనం చాలావరకు వస్తుంది. తువ్వాలు, దిండు గలేబు, కాటుక ఎవరివి వాళ్లకే. కంటిని ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. నీరు కారుతున్నన్నాళ్లూ అంటుకుంటుంది.

బ్యాక్టీరియా వల్ల వచ్చింది కూడా చాలామందిలో వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మందు వేస్తే కాస్త ముందు తగ్గుతుంది, ఇతరులకు అంటుకోవడం తగ్గుతుంది. క్లోరాంఫెనికాల్ 0.5 శాతం అయితే మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తర్వాత రోజుకు నాలుగు సార్లు, మొత్తం 5 రోజులు. మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం అయితే సాధారణంగా రోజుకు 3 సార్లు, 7 రోజులు. ఎలర్జీకి దారే వేరు: ఓలోపటడీన్ 0.1 శాతం లేదా కీటోటిఫెన్ 0.025 శాతం, రోజుకు రెండు సార్లు.

ఇక ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా కళ్లకలక అనుకోవద్దు, ఆరోజే కంటి డాక్టరుకు చూపించండి: నిజమైన నొప్పి (మంట, ఇసుక పడ్డట్టు గరగర కాదు), కన్నార్పినా తొలగని మసక, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, దెబ్బ, కంట్లో పడిన ఆకు, గింజ, నలుసు లేదా రసాయనం, కాంటాక్ట్ లెన్స్ అలవాటు.

చుక్క వేసుకోవడమే చేతకావడం లేదు. చెయ్యి వణుకుతుంది, సీసా దగ్గరికి రాగానే రెప్ప మూసుకుపోతుంది. ఒకటైనా పడుతుందని మూడు నాలుగు వేస్తున్నాను. తప్పా?
— 68 ఏళ్ల పాఠకుడు

తప్పు కాదు గానీ దండగ. సీసా నుంచి జారే ఒక్క చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కన్ను ఒకసారికి పట్టుకోగలిగేది 30 మైక్రోలీటర్లకు కాస్త అటూ ఇటూగా. అంటే ఒక్క చుక్కే ఎక్కువ. రెండోది మొదటిదాన్ని కూడా బుగ్గ మీదికి తోసుకుపోతుంది.

మీ సమస్య రెండు ముక్కల్లో ఉంది: రెప్ప, చెయ్యి. రెప్ప ఎందుకు మూసుకుంటుందంటే చుక్క నల్లగుడ్డు మీదికి గురిపెట్టడం వల్ల. ఒళ్లంతటిలో చిన్న తాకిడికే ఎక్కువగా స్పందించే చోట్లలో అదొకటి. గురి మార్చాలి. చుక్క పడాల్సింది కింది రెప్పను లాగినప్పుడు ఏర్పడే చిన్న సంచిలోకి.

చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. పుసి ఉంటే, కాచి చల్లార్చిన నీటిలో ముంచిన దూదితో ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్క తుడుపు తుడిచి ఆ దూదిని పారేయండి. మంచం మీద వెల్లకిలా పడుకోండి, మీ వయసులో కూర్చుని తల వెనక్కి వంచడం కంటే ఇదే మేలు. ఎడమచేతి చూపుడువేలిని కింది రెప్ప అంచుకు కొంచెం కింద ఆనించి, చర్మాన్ని బుగ్గ ఎముక మీదికి లాగండి. ఎర్రటి లోపొర బయటపడి జేబులా తెరుచుకుంటుంది. సీసా పట్టుకున్న చేతి మడమను నుదుటి మీద ఆనించండి, లేదా రెప్పను లాగుతున్న చేతి వెనక పెట్టండి. చేతికి ఆధారం దొరికితే వణుకు సగం పోతుంది. ఇప్పుడు పైకి, తల వెనకున్న గోడ వైపు చూడండి. నల్లగుడ్డు పైకి వెళ్లిపోతుంది, సీసా కనపడదు, రెప్పకు భయపడే పని ఉండదు. సీసా మూతి కంటికి సెంటీమీటరు, సెంటీమీటరున్నర పైన ఉండగా ఒక్కసారి మెల్లగా నొక్కండి.

చుక్క పడ్డాక రెప్పను వదిలి కన్ను నెమ్మదిగా మూయండి. గట్టిగా బిగించొద్దు, టపటపా ఆర్పొద్దు. ఈ రెండూ పంపులా పనిచేసి మందును ముక్కులోకి తోసేస్తాయి. మూసిన కంటి లోకొలుకు మీద, ముక్కు పక్కనే, వేలి కొసతో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి.

చుక్క పడిందో లేదో తెలియడం లేదని ఇంకా చాలామంది రాశారు. సీసా మీద ఫ్రిజ్‌లో పెట్టవద్దని లేకపోతే, వాడే ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లటి చుక్క పడగానే తెలిసిపోతుంది. ఇంకో చిన్న లెక్క కూడా చూసుకోవచ్చు. 5 మిల్లీలీటర్ల సీసాలో 100 నుంచి 150 చుక్కలు ఉంటాయి. ఒక కంట్లో రోజుకు నాలుగు చొప్పున వారానికి 28. వారంలోనే సీసా ఖాళీ అవుతోందంటే మందు బుగ్గకు వేస్తున్నట్టే.

చుక్కలు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగులుతోంది. మందు పాడైందా?

పాడవలేదు. కంటి లోకొలుకులో ఉన్న రెండు సన్నటి రంధ్రాలు ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి తెరుచుకుంటాయి. కన్నీళ్లు వెళ్లే దారి అదే, మందూ అటే వెళ్లింది. పైన చెప్పినట్టు కొలుకు నొక్కితే చేదూ తగ్గుతుంది, ఒంట్లోకి చేరే మందూ తగ్గుతుంది. పసిపిల్లలకు, గుండె జబ్బులున్నవాళ్లకు వేసేటప్పుడు ఈ నొక్కడం మానకూడదు.

శుక్లం ఆపరేషన్ అయ్యాక మూడు రకాల చుక్కలు, రాత్రికి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. ఏది ముందు? అన్నీ ఒకేసారి వేసేస్తే కుదరదా?

కుదరదు. వెనువెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య కనీసం 5 నిమిషాలు ఇవ్వండి. గడియారం చూసి ఇవ్వండి, అందాజు 5 నిమిషాలు నిజంగా రెండు నిమిషాలే అవుతాయి.

వరస ఇలా పెట్టుకోండి. నీళ్లలా తేటగా ఉన్నది ముందు, పాలలా తెల్లగా ఉన్నది తర్వాత, జెల్ ఉంటే ఆ తర్వాత, ఆయింట్‌మెంట్ అన్నిటికంటే చివర. ఆయింట్‌మెంట్ కంటి మీద జిడ్డు పొర కడుతుంది, దాని మీద పడిన చుక్క జారిపోతుంది. ఉదాహరణకు రాత్రి 9.00కు యాంటీబయాటిక్, 9.05కు కీటోరోలాక్ లాంటి స్టెరాయిడ్ కాని వాపు మందు, 9.10కి ప్రెడ్నిసొలోన్, 9.20కి ఆయింట్‌మెంట్ వేసి పడుకోవచ్చు. ఆయింట్‌మెంట్ కింది రెప్ప సంచిలో సన్నగా ఒక సెంటీమీటరు పొడవు చాలు. తర్వాత కాసేపు చూపు మసకేస్తుంది, కాబట్టి వేసుకుని నడవకండి.

తెల్లటి చుక్కల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రెడ్నిసొలోన్ అసిటేట్, ఫ్లోరోమెథలోన్, నెపాఫెనాక్, నాటమైసిన్ వంటివి ద్రావణాలు కావు, సస్పెన్షన్లు. మందు సన్నటి రేణువులుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది, సీసా నిలబెట్టి ఉంచితే అడుగుకు దిగిపోతుంది. కుదపకుండా వేస్తే మొదటి రోజుల్లో మందు తక్కువ ఉన్న నీళ్లు, చివరి రోజుల్లో చిక్కటి ముద్ద పడతాయి. ఆపరేషన్ తర్వాత కంట్లో వాపు తగ్గలేదని వచ్చేవాళ్లను ముందుగా అడగాల్సిన ప్రశ్న, "సీసా కుదిపి వేస్తున్నారా?" అని. మూత బిగించి, తలకిందులు చేస్తూ పది పదిహేను సార్లు కుదపండి. అడుగున తెల్లటి మడ్డి కనపడకూడదు.

ఒక వేళ మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండు చుక్కలు ఒకేసారి వేసి లెక్క సరిచేయాలని చూడకండి. ఆపరేషన్ తర్వాత తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, చూపు ఒక్కసారిగా తగ్గినా చుక్కలు పెంచడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కంటి లోపల ఇన్ఫెక్షన్ మొదలైతే గంటలే లెక్క.

మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో ఒక్కరోజులో ఎరుపు మాయమైంది. ఆపితే మళ్లీ వస్తోంది. అట్ట మీద "డెక్సామెథసోన్" అని ఉంది. కొనసాగించవచ్చా?
— ఒక పాఠకురాలు

మీరు చెప్పిన ఆ "మాయం" దగ్గరే అసలు ప్రమాదం ఉంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ కూడా అంతే. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలోనూ వస్తాయి, కాబట్టి అట్ట మీది పేర్లన్నీ చదవాలి. కన్ను ఎర్రబడటమంటే ఒంటి రక్షణ వ్యవస్థ పోరాడటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. పోరాటం ఎవరితో అన్నది మాత్రం చూడదు.

నల్లగుడ్డు మీద హెర్పిస్ వైరస్ పుండు ఉందనుకోండి. మొదట్లో ఎరుపు, నీరు, కాస్త గరగర, అంతే, కళ్లకలకలాగే ఉంటుంది. ఫ్లోరోసిన్ రంగు వేసి నీలి వెలుగులో చూస్తే తప్ప కొమ్మలు చాచిన ఆ సన్నటి గీత కనపడదు. దానిమీద స్టెరాయిడ్ ఒక్కటే పడితే కన్ను తేటపడినట్టు కనిపిస్తూనే పుండు వెడల్పుగా, లోతుగా పాకుతుంది. ఫంగస్ పుండయితే ఇంకా ఘోరం. ఆకో, గడ్డిపోచో, కంకో తగిలిన తర్వాత ఎర్రబడిన కంట్లో స్టెరాయిడ్ వేయడమంత చేటు మరొకటి లేదు. హెర్పిస్‌కు అసైక్లోవిర్ 3 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు, లేదా గాన్సైక్లోవిర్ 0.15 శాతం జెల్ వాడతారు. అవి డాక్టరు చూసి రాయాల్సినవి.

రెండో చేటు చప్పుడు లేకుండా జరుగుతుంది. వారాల తరబడి స్టెరాయిడ్ వేసుకునేవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది, కొద్దిమందికి బాగా పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. తెలిసేసరికి కంటినరం దెబ్బతిని ఉంటుంది, అదే నీటికాసులు. అలా పోయిన చూపు తిరిగి రాదు. నెలలు గడిస్తే శుక్లం కూడా వస్తుంది. ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ ఒత్తిడిని తక్కువ పెంచుతాయి. తక్కువే గానీ, సున్నా కాదు.

స్టెరాయిడ్ చెడ్డ మందని దీనర్థం కాదు. ఆపరేషన్ తర్వాత, కంటి లోపలి వాపులో, తీవ్రమైన ఎలర్జీలో చూపు నిలబెట్టేది అదే. పరికరంతో కన్ను చూసి రాసినవాళ్లు, మళ్లీ పిలిచి ఒత్తిడి కొలిచేవాళ్లు ఉన్నప్పుడే అది మందు. మీరు ఎన్ని రోజులుగా వేస్తున్నారో రాయలేదు. రెండు వారాలు దాటితే ఇవాళే ఆపేయకుండా, సీసా తీసుకుని ఈ వారమే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే వాపు విరుచుకుపడుతుంది. మీకు "ఆపితే మళ్లీ వస్తోంది" అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. రోజుకు నాలుగు, మూడు, రెండు, ఒకటి అంటూ వారానికో మెట్టు దిగాలి. ఆ మెట్లు ఎన్నో ఆయనే చెప్పాలి.

యువైటిస్ అన్నారు. స్టెరాయిడ్ చుక్కలతో పాటు ఇంకో చుక్క ఇచ్చారు, అది వేసుకుంటే దగ్గరి అక్షరాలు కనపడవు, వెలుతురు చూడలేను. రెండోది మానేయవచ్చా?

మానకండి. యువైటిస్‌లో వాచేది కంటి లోపల రంగున్న పొర, ఐరిస్. వాచిన ఐరిస్ జిగటగా మారి వెనకనున్న లెన్స్‌కు అతుక్కుంటుంది. అతుక్కుంటే కంటిపాప వంకరపోతుంది, లోపలి నీరు పారే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. ఆ రెండో చుక్క (హోమాట్రోపిన్, సైక్లోపెంటోలేట్ లేదా అట్రోపిన్ అయి ఉంటుంది) కంటిపాపను పెద్దది చేసి ఐరిస్‌ను లెన్స్‌కు దూరంగా ఉంచుతుంది. లోపల బిగుసుకున్న కండరాన్ని వదులు చేసి నొప్పి కూడా తగ్గిస్తుంది. స్టెరాయిడ్ ఎంత బాగా పనిచేసినా, ముందే గట్టిగా అతుక్కుపోయినదాన్ని విడదీయలేదు.

మసక ఎంతకాలం అంటే, సైక్లోపెంటోలేట్‌తో దాదాపు ఒక రోజు, హోమాట్రోపిన్‌తో ఒకటి నుంచి మూడు రోజులు, అట్రోపిన్‌తో వారం నుంచి రెండు వారాలు. నల్లకళ్లద్దాలు పెట్టుకోండి, బండి నడపకండి. వేసిన వెంటనే చేతులు కడగండి. ఆ వేలితో రెండో కన్ను నలుపుకుంటే అదీ మసకేస్తుంది. అట్రోపిన్ వేసిన చిన్నపిల్లల్లో ముఖం ఎర్రబడి, ఒళ్లు కాలి, నోరెండిపోతే మందు ఒంట్లోకి ఎక్కువ చేరిందని అర్థం. ఇంకో చుక్క వేయకుండా డాక్టరుకు చెప్పండి. పెద్దవాళ్లకైనా ఈ చుక్క తర్వాత తీవ్రమైన నొప్పి, వాంతి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనపడితే ఆగకుండా వెళ్లాలి.

మూడేళ్ల పాప. సీసా చూస్తే చాలు ఏడుపు, కళ్లు గట్టిగా మూసేసుకుంటుంది. ఇద్దరం పట్టుకున్నా పడటం లేదు.

బలవంతం వద్దు. ఏడుస్తున్న కంట్లో వేసిన మందు కన్నీళ్లతో కొట్టుకుపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమనే చెప్పండి. మూసిన కంటి లోకొలుకులో, ముక్కు పక్కనున్న చిన్న గుంటలో ఒక చుక్క వేయండి. తర్వాత కళ్లు తెరవమనండి, లేదా కింది రెప్పను కాస్త లాగండి. గుంటలోని మందు లోపలికి జారుతుంది. ఇలా కొంత మందు తక్కువే వెళ్తుంది, అయినా పోరాడి వేసినదానికంటే ఎక్కువే. నిద్రపోతున్నప్పుడు కింది రెప్ప మెల్లగా లాగి వేయవచ్చు. అదీ కుదరకపోతే అదే మందు ఆయింట్‌మెంట్‌గా దొరుకుతుందేమో అడగండి.

పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డ కంట్లో చీములాంటి పుసి, రెప్పల వాపు ఉంటే ఈ చిట్కాలేవీ వర్తించవు, చనుబాలు పిండటం లాంటివీ చేయకండి. ప్రసవ సమయంలో అంటుకున్న గనేరియా క్రిమి అయితే రోజు రెండు రోజుల్లో నల్లగుడ్డుకు రంధ్రం పడే అవకాశం ఉంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాంటాక్ట్ లెన్స్ మీదే చుక్కలు వేసుకోవచ్చా?

కన్ను ఎర్రబడి ఉంటే లెన్స్ ప్రశ్నే లేదు, తీసేయండి. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గి మందులు ఆపేదాకా కళ్లద్దాలే. వాడుతున్న లెన్స్‌ను, దాని డబ్బాను పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్షలో క్రిమి వాటిలోనే దొరకవచ్చు. లెన్స్ పెట్టుకునేవాళ్ల కంట్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా నల్లగుడ్డును రోజుల్లో కరిగించగలదు. కుళాయి నీటితో లెన్స్ కడిగేవాళ్లకు అకాంతమీబా అనే మరో మొండి క్రిమి భయం ఉంది. అందుకే లెన్స్ వాడేవాళ్ల ఎర్రకంటికి షాపులో చుక్కలు కొనుక్కోవద్దంటాం.

ఎలర్జీ చుక్కల్లాంటివి మామూలు రోజుల్లో వాడాల్సి వస్తే లెన్స్ తీసి, చుక్క వేసి, 15 నిమిషాలు ఆగి పెట్టుకోండి. ఎక్కువ చుక్కల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్‌ను మెత్తటి లెన్స్ పీల్చుకుని గంటల తరబడి కంటికి పూస్తూ ఉంటుంది.

నల్లగుడ్డు మీద పుండు. గంటకోసారి చుక్కలు, రాత్రి కూడా లేపి వేయమన్నారు. రెండు రోజులకు పుండు మీద తెల్లగా పేరుకుంది. నొప్పి భరించలేక, పరీక్షకు ముందు వేసిన తిమ్మిరి చుక్క ఇమ్మంటే ఇవ్వలేదు. ఎందుకు?

మూడు ప్రశ్నలు. నల్లగుడ్డులో రక్తనాళాలు ఉండవు, మింగిన మాత్ర అక్కడికి సరిగ్గా చేరదు. చుక్క వేసిన మందును కన్నీళ్లు కొన్ని నిమిషాల్లోనే కడిగేస్తాయి. క్రిములు పెరగనివ్వనంత మందు నిలవాలంటే వేస్తూనే ఉండాలి, అందుకే మొదటి 48 గంటలు పగలూ రాత్రీ. రాత్రి ఆరేడు గంటలు వదిలేస్తే పగలు సాధించినదంతా పోతుంది. అలారం పెట్టుకోండి, ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకోండి.

తెల్లగా పేరుకున్నది: మీ మందు సిప్రోఫ్లాక్సాసిన్ అయితే అది పుండు మీద స్ఫటికాలుగా పేరుకున్న మందే కావచ్చు, కొన్ని రోజుల్లో కరిగిపోతుంది. నాటమైసిన్ 5 శాతం అయినా రేణువులు అలా అంటుకుంటాయి. అయితే పుండే పెద్దదవుతోందా అన్నది ఇంట్లో అద్దంలో తేల్చలేరు. డాక్టరు చూడాల్సిందే. ఫంగస్ పుండు అయితే ఓపిక కావాలి, మాన్పడానికి వారాలు పడుతుంది.

తిమ్మిరి చుక్క, అంటే ప్రొపారకేన్ లాంటిది, ఇంటికి ఇవ్వకపోవడం మీ మంచికే. పదే పదే వేస్తే నల్లగుడ్డు పైపొర మానడం ఆగిపోతుంది, పుండు లోతవుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ముదురుతున్న సంగతీ తెలియదు. ఎక్కడైనా ఆ సీసా చేతికొచ్చినా వాడకండి. నొప్పికి మాత్రలు, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు ఉన్నాయి, అవి అడగండి.

చుక్కలు వేస్తున్నకొద్దీ ఎరుపు పెరుగుతోంది. బుగ్గ చర్మం కూడా పగిలి దురద పెడుతోంది.

ఆ మందే మీ ఒంటికి పడటం లేదు. చుక్క జారిన దారిలో బుగ్గ ఎర్రబడి పొక్కడం మందు ఎలర్జీకి మంచి ఆనవాలు. నియోమైసిన్, అట్రోపిన్, బెంజాల్కోనియం ప్రిజర్వేటివ్ ఇందులో పేరుమోసినవి. వేసిన మొదటి నిమిషం మంట మామూలే, వేసిన అరగంటకు కూడా కన్ను ఇంకా ఎర్రబడుతుంటే మామూలు కాదు. డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోండి. ఆ మందు పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ ఎవరైనా రాస్తే చూపించడానికి.

ఎర్రకళ్లను తెల్లగా చేసే చుక్కలు రోజూ వేసుకుంటాను. ఫర్వాలేదా?

నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ ఉన్న చుక్కలయితే ఫర్వా ఉంది. ఇవి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, జబ్బును ముట్టవు. మూడు రోజులు దాటి వాడితే మందు దిగినప్పుడల్లా నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. అప్పుడు ఆ ఎరుపుకు మళ్లీ చుక్క. పిల్లలకు అందే చోట ఈ సీసా అసలు పెట్టకండి. ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా చిన్నపిల్లలు స్పృహ తప్పేంత ప్రమాదం ఉంది.

రెప్ప మీద కురుపు లేచింది. ఏ చుక్కలు వేయాలి?

ఏవీ అక్కర్లేదు. కురుపు రెప్పలోని జిడ్డు గ్రంథిది, కంటిలోపల వేసిన చుక్క అక్కడికి చేరేది తక్కువ. శుభ్రమైన బట్టను చర్మం ఓర్చుకునేంత వేడి నీటిలో ముంచి, పిండి, మూసిన కంటిమీద 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. చల్లారగానే మళ్లీ ముంచాలి. గిల్లకండి. జ్వరం వచ్చినా, వాపు రెప్పంతా పాకినా, కన్ను కదిపితే నొప్పెట్టినా అది కురుపు దాటిపోయింది, డాక్టరు చూడాలి.

గడువు తేదీ వచ్చే ఏడాది దాకా ఉంది. 28 రోజులకే ఎందుకు పారేయాలి? ఫ్రిజ్‌లో పెడితే?

అట్ట మీద గడువు మూత తీయని సీసాకు. మూత తీశాక గాలి, వేళ్లు, రెప్పలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫ్రిజ్ ఆ లెక్కను మార్చదు. క్లోరాంఫెనికాల్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, మరికొన్ని గది వేడిలోనే, కాబట్టి అట్ట చూడండి. తెరిచిన తేదీ పెన్నుతో సీసా మీదే రాయండి, అట్టపెట్టె మీద కాదు. పెట్టె ముందు పోతుంది. ప్రిజర్వేటివ్ లేని చిన్న ప్లాస్టిక్ గొట్టాలు ఒక్కసారికే, మిగిలింది మధ్యాహ్నానికి దాచవద్దు. 2023లో అమెరికాలో కలుషితమైన కృత్రిమ కన్నీళ్ల చుక్కల ద్వారా మందులకు లొంగని సూడోమోనాస్ పాకి, కొందరి చూపు, కొందరి ప్రాణాలు పోయాయి. అది తయారీలోనే జరిగిన కలుషితం. ఇంట్లో జరిగేదానికి కారణం చాలాసార్లు సీసా మూతి రెప్పకు తగలడమే.

చీకట్లో చెవి చుక్కలు కంట్లో వేసేశాను. ఇప్పుడేం చేయాలి?

తరచుగా జరిగేదే, రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి. ఇది చదివేదాకా ఆగి ఉండరనే అనుకుంటున్నాం. శుభ్రమైన నీటి సన్నధార కింద కన్ను తెరిచి ఉంచి, రెప్పలు ఆర్పుతూ 15 నిమిషాలు కడగాలి. లెన్స్ ఉంటే ముందు తీసేయాలి. చెవి చుక్కలు కంటికి తగ్గట్టు తయారుకావు, గులిమి కరిగించేవి మరీ మండిస్తాయి. కడిగాక కూడా నొప్పి, మసక ఉంటే ఆ సీసాతోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంట్లో వేసే చుక్కలే చెవికి కూడా రాస్తారు గానీ, చెవివి కంటికి ఎప్పుడూ పనికిరావు. చెవి సీసాకు ఒక రబ్బరుబ్యాండు చుట్టి పెట్టండి, చీకట్లో చేతికే తెలుస్తుంది.